ఉప్పుజాడీ, గిటారు

వానాకాలం వచ్చిన సంగతి మా ఇంట్లో అందరికన్నా ముందు పెరటి తలుపుకి తెలుస్తుంది. నాలుగు వానలు పడేసరికి అది ద్వారబంధాన్ని పట్టుకుని వదలదు. భుజంతో నెట్టి మూయాలి, రెండు చేతులా గుంజి తెరవాలి. వేసవిలో అదే తలుపు గాలికి టపటపా కొట్టుకుంటుంది. ఒక శ్రావణమాసంలో విసుగుపుట్టి వడ్రంగిని పిలిపించాను. ఆయన తలుపు అంచుని నిమిరి చూసి, "ఇప్పుడు చిత్రిక పడితే ఎండాకాలంలో సందులోంచి బల్లులు దూరతాయి బాబూ, దసరా దాటనియ్యండి" అన్నాడు. చెక్క గురించి నేను విన్నవాటిలో ఉత్తమమైన సలహా అదే. ఆ సలహా మా ఇంట్లో ఉన్న మరొక చెక్క వస్తువుకి కూడా వర్తిస్తుందని గ్రహించడానికి మాత్రం నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ వస్తువు గిటారు.

ఈ టపాను ఆ ఆలస్యానికి ప్రాయశ్చిత్తం అనుకోండి. నేను వాద్యకారుణ్ణి కాను, వాద్యాలు తయారుచేసేవాణ్ణీ కాను. ఒక మంచి వాద్యాన్ని, దానికంటె విలువైన మరొకదాన్ని తెలియనితనంతో పాడుచేసుకున్నవాణ్ణి. ఆ అర్హతతోనే ఒక అభిప్రాయం చెప్పదలచుకున్నాను: గిటారు కొన్నవారు దానితోపాటు గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటరు కూడా కొనాలి. ఆ సంగతి అమ్మేవారు అమ్మేటప్పుడే చెప్పాలి, నేర్పేవారు మొదటి పాఠంలోనే చెప్పాలి. ఇది మరీ అతిగా తోచవచ్చు. ఎందుకంటున్నానో వినండి.

2012 సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళినప్పుడు మా మేనకోడలి కోసం ఒక గిటారు కొన్నాను. అక్కయ్యా బావగారూ విశాఖపట్నంలో మా వీధిలోనే ఉండేవారు. పిల్లకి అప్పుడు పదకొండేళ్ళు. చవకరకం ప్లైవుడ్ గిటారు వద్దని, పైపలక అసలైన స్ప్రూస్ చెక్కతో చేసినదే కావాలని పట్టుబట్టి, నా నెల జీతంలో సగం పెట్టి తీసుకున్నాను. కొట్టు అతను తీగలు ఎలా మార్చాలో చూపించాడు, పెట్టెకి తాళంచెవులు ఇచ్చాడు, మెడకు తగిలించుకునే పట్టీ ఉచితంగా ఇచ్చాడు. తేమ అనే మాట మా ఇద్దరి నోటా రాలేదు.

మొదటి రెండు మూడు నెలలు పిల్ల ఉత్సాహం చూడవలసిందే. ఆషాఢం వచ్చేసరికి సణుగుడు మొదలైంది. "మావయ్యా, తీగలు నొక్కితే వేళ్ళు మండిపోతున్నాయి" అనేది. "మొదట్లో అందరికీ అంతే తల్లీ, వేళ్ళు కాయలు కాస్తే అదే సర్దుకుంటుంది" అని నేను. సంగీతం మాస్టారు కూడా అదే మాట అన్నారు. సాధన చాలడం లేదని, మనసు పెట్టడం లేదని ఆయన కోప్పడ్డారు. నేనూ ఒకటి రెండుసార్లు కోప్పడ్డాను. మరుసటి ఏడాది వానాకాలానికి ఆ పిల్ల గిటారు ముట్టడం మానేసింది. "నాకు రాదు మావయ్యా" అన్నది. మేమందరం ఆ మాట నమ్మాము. అన్నిటికంటె విచారకరమైన సంగతి, ఆ పిల్ల కూడా నమ్మింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా కుదిపిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి కరెంటు లేదు. కిటికీ అద్దాలు పగిలి ఇంటి నిండా వాననీరు. అన్నీ ఎత్తి ఆరబెట్టుకునే పనిలో గిటారు పెట్టె తెరిచి చూస్తే లోపల మఖమలు గుడ్డకి బూజు, తీగలకి తుప్పు, పైపలక బ్రిడ్జి వెనక భాగంలో పొట్ట ఉబ్బినట్టు ఉన్నది. వయొలిన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన స్కేలు తీసి పన్నెండో ఫ్రెట్టు మీద తీగ ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి చూపించాడు. లావు తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు ఉండవలసినది అయిదు ఉన్నది. "ఇది తుపాను పని కాదండీ, తుపాను చివర్న వచ్చింది. ఈ పొట్ట ఏళ్ళ తరబడి పెరిగింది. దీన్ని పెద్దవాడు నొక్కినా వేళ్ళు కోసుకుంటాయి" అన్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి నేను అన్నం సరిగా తినలేదు.

*

ఇక చెక్క సంగతి. చెట్టు కొట్టి, ఆరబెట్టి, కోసి, మెరుగుపెట్టినంత మాత్రాన చెక్కకి నీటితో ఉన్న సంబంధం తెగిపోదు. చుట్టూ గాలిలో తేమ ఎక్కువైతే చెక్క దాన్ని పీలుస్తుంది, తగ్గితే వదులుతుంది. గది ఉష్ణోగ్రతలో గాలి సాపేక్ష తేమ 50 శాతం ఉంటే చెక్కలో దాని పొడిబరువుకి సుమారు 9 శాతం నీరు నిలుస్తుంది. గాలి తేమ 80కి పోతే ఆ నీరు 16కి చేరుతుంది. 30కి పడిపోతే 6 దగ్గర ఆగుతుంది. నీరు పెరిగినప్పుడు చెక్క ఉబ్బుతుంది. అన్ని దిక్కులా సమానంగా ఉబ్బితే గొడవే ఉండేది కాదు. నార నడిచే దిక్కున, అంటే పొడవునా, చెక్క దాదాపు కదలదు. నారకి అడ్డంగా మాత్రం బాగా కదులుతుంది. మా తలుపు పొడవు పెరిగి గడపకు తగలడం లేదు, వెడల్పు పెరిగి ద్వారబంధానికి బిగుసుకుంటున్నది.

గిటారు పైపలక వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు, మందం మూడు మిల్లీమీటర్ల లోపు. అప్పడానికి అన్నగారు, అంతే. స్ప్రూస్ చెక్క సాగుడు లెక్క వేస్తే, గాలి తేమ 50 నుంచి 80కి పోయి అక్కడే నిలిచినప్పుడు ఆ పలక వెడల్పు ఇంచుమించు నాలుగు మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది. కానీ పెరగనివ్వరు. లోపలివైపు దానికి అడ్డంగా, ఐమూలగా చెక్క బద్దలు అతికించి ఉంటాయి. పైన బ్రిడ్జి అడ్డంగా అతికించి ఉంటుంది. ఆ బద్దలు తమ పొడవున సాగవు. పలక సాగుతానంటుంది, బద్ద సాగనంటుంది. రాజీ ఎక్కడ కుదురుతుందంటే, పలక పైకి ఉబ్బుతుంది. బ్రిడ్జి లేస్తుంది, దానితో తీగలు లేస్తాయి, చిన్నపిల్ల వేళ్ళు మండుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు సాధన చాలదంటారు.

ఎండు గాలిలో కథ తిరగబడుతుంది. పలక కుంచించుకుపోవాలంటుంది, బద్దలు పోనివ్వవు. పలక లోపలికి కుంగుతుంది, తీగలు ఫ్రెట్లకి తగిలి జీరగా మోగుతాయి. మెడ చెక్క కుదించుకుని, దాని అంచుల్లోంచి ఫ్రెట్ల లోహపు కొసలు బయటకి పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి. ఇంకా ఎండితే ఒక రాత్రి నార వెంబడి పలక చీలుతుంది. ఉబ్బిన పలకని నెమ్మదిగా ఆరబెట్టి చాలావరకు దారికి తెచ్చుకోవచ్చు. చీలిన పలకకి అతుకే గతి. అందుకే గిటారు తయారుచేసేవారికి తేమకంటె ఎండు గాలి అంటే ఎక్కువ భయం.

ఆ భయం వారి దేశానిది. నా అసలు వాదన ఇక్కడే మొదలవుతుంది.

*

గిటారు భద్రత గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ సలహా చదివినా మొదటి మాట ఒకటే: పెట్టెలో తడి స్పాంజి పెట్టండి, గాలికి తేమ కల్పించండి. మార్టిన్ కర్మాగారం పెన్సిల్వేనియాలో ఉన్నది. అక్కడ చలికాలంలో బయటి గాలి గడ్డకడుతుంది. సున్నా డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న గాలిని ఇంట్లోకి తెచ్చి 22 డిగ్రీలకి వేడిచేస్తే, అందులో ఉన్న నీరు అంతే ఉంటుంది గానీ సాపేక్ష తేమ 20 శాతానికి పడిపోతుంది. మూడు నెలలు హీటరు నడిచే ఇంట్లో గిటారు చీలకుండా ఉండాలంటే తడి స్పాంజి కావలసిందే. చికాగోలోనో మిన్నెసోటాలోనో ఉంటూ ఊరినుంచి వీణనో మృదంగాన్నో తీసుకెళ్ళిన తెలుగువారికి కూడా అదే సలహా చెప్తాను. మన తేమలో పుట్టి పెరిగిన పనసచెక్క ఆ ఇంట్లో మొదటి జనవరికే చిట్లిపోగలదు.

అదే తడి స్పాంజిని విశాఖలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో గిటారు పెట్టెలో పెట్టడం ఏమిటి? మునిగేవాడికి మంచినీళ్ళు అందించడం వంటిది. నేను చేసిన పని సరిగ్గా అదే. ఎక్కడో చదివి, శ్రద్ధగా, వారం వారం స్పాంజి తడిపి పెట్టాను. అశ్రద్ధ చేసి ఉంటే ఆ గిటారుకి కొంత మేలే జరిగేదేమో!

మార్టిన్, టేలర్ వంటి అమెరికా తయారీదార్లు గిటారు చుట్టూ తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు. ఆ అంకె మంచిదే, ఎందుకంటే వారు చెక్కని ఆ గాలిలోనే అతికిస్తారు. మనం అప్పు తెచ్చుకోవలసినది ఆ అంకెని. అంకెని అందుకునే దారి ఎవరి ఊరిది వారికి వేరు. మన రాష్ట్రాల్లోనే చూడండి. సముద్రపుటొడ్డున ఏడాదిలో చాలా భాగం తేమ 70కి పైనే. ఉప్పుగాలి దీనికి తోడై తీగల్ని తినేస్తుంది. హైదరాబాదులో ఆగస్టు ఉదయాన 80 దాటే గాలి, మే నెల మధ్యాహ్నం 30 శాతానికి దిగజారుతుంది. ఒకే ఊరు, ఒకే గది, ఏడాదిలో రెండు దేశాలు. పైగా హైదరాబాదు వేసవిలో కూలరు ఉన్నది. గడ్డి తెరల్లోంచి నీటిని గాలిలో కలిపి కొట్టే ఆ యంత్రానికి ఎదురుగా గిటారుని నిలబెట్టిన ఇళ్ళు నేను చూశాను. పగలు కూలరు కింద తడి, రాత్రి కూలరు ఆపి కిటికీలు తీస్తే పొడి. ఇరవై నాలుగు గంటల్లో వానాకాలమూ వేసవీ వచ్చిపోతుంటే ఏ చెక్క ఓర్చుకుంటుంది?

ఏసీ సంగతి మరీ చిత్రం. తీరప్రాంతంలో ఏసీ వేస్తే గాలి పొడిబారుతుంది, గిటారుకి హాయి. నిజమే. గది 24 డిగ్రీలకి చల్లబడి, చెక్క, తీగలు అన్నీ ఆ చల్లదనానికి వస్తాయి. పొద్దున్నే ఏసీ ఆపి తలుపులు బార్లా తీస్తాము. బయటి గాలి 32 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుందాం. ఆ గాలి 27 డిగ్రీలకి చల్లబడితే చాలు, నీరు విడుస్తుంది. 24 డిగ్రీల గిటారు మీద అది తగలగానే ఏమవుతుంది? ఏసీ కారు దిగగానే మన కళ్ళద్దాలకి ఏమవుతుందో అదే. కళ్ళద్దాలైతే తుడుచుకుంటాము. గిటారు లోపలి పక్క మెరుగు ఉండని పచ్చి చెక్క, దాన్ని తుడిచేవారెవరు? ఏడాది పొడవునా ఒకే మాదిరి తేమ ఉన్న గదిలో, అది కొంచెం ఎక్కువైనా, వాద్యం అలవాటు పడి బతుకుతుంది. రోజుకి రెండుసార్లు ఊగిసలాడే గదిలో బతకడం కష్టం.

*

"మా అమ్మమ్మ వీణ అరవై ఏళ్ళు గోడవార నిలబడి ఉన్నది, ఏ మీటరూ పెట్టలేదు, నిక్షేపంలా ఉంది" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఇది తేలికగా కొట్టిపారేయదగిన వాదన కాదు. నేను చాలా రోజులు ఆలోచించాను.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా పనసచెక్కతో వీణలు చేస్తున్నారు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఒకే దుంగని తొలిచి చేసే ఏకాండి వీణలో కుండకీ దండికీ మధ్య అతుకే ఉండదు. చెక్క మందం ఎక్కువ, కాబట్టి తేమ లోపలికి దిగడానికీ బయటకి రావడానికీ కాలం పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ చెక్క మన ఊళ్ళో పెరిగి, మన గాలిలోనే ఆరి, మన గాలిలోనే వీణ అయింది. పుట్టిన గాలికీ బతికే గాలికీ తేడా లేదు. ఇక అమ్మమ్మ ఇల్లు? మందపాటి గోడలు, పెంకుల కప్పు, వసారా దాటి లోపల చీకటి గది. బయట ఎండ మండినా వాన కురిసినా ఆ గదిలోకి మార్పు నెమ్మదిగా నడిచి వచ్చేది. ఏసీ లేదు, కూలరు లేదు. వీణ మీద పట్టుగుడ్డో, పాత చీరో కప్పి ఉండేది. రోజూ సాయంకాలం ఎవరో ఒకరు వాయించేవారు, కాబట్టి ఏ కొంచెం తేడా వచ్చినా ఆ పూటే తెలిసేది. వేసవిలో మైనం మెత్తబడి మెట్లు జరిగితే మేళం కట్టేవారిని పిలిపించి ఇరవై నాలుగు మెట్లూ మళ్ళీ సరిచేయించేవారు. వీణకి అది చికిత్స అనిపించుకోదు, నిత్యకృత్యం.

కాబట్టి అమ్మమ్మకి మీటరు అక్కరలేదు. మీటరు చేసే పని ఆ ఇల్లు, ఆ చెక్క, ఆ అలవాటు చేసేవి. మనం ఇల్లు మార్చాము, చెక్క మార్చాము, అలవాటూ మానేశాము. సిమెంటు గోడల అపార్టుమెంటులో, చల్లటి దేశంలో పెరిగిన చెక్కని, మూడు మిల్లీమీటర్లకి చెక్కినదాన్ని తెచ్చిపెట్టుకుని, అమ్మమ్మ ధీమాని మాత్రం అట్టేపెట్టుకున్నాము. వాదన అమ్మమ్మది, పరిస్థితి మనది. అక్కడ పొరపాటు.

ఇంకొక ఆక్షేపణ ఉన్నది. ఇంత అవస్థ పడేకంటె ప్లైవుడ్ గిటారు కొనుక్కుంటే పోలేదా? పోతుంది. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికిన చెక్క చాలా తక్కువగా కదులుతుంది. తీరప్రాంతపు పిల్లవాడికి మొదటి వాద్యంగా నేను ఈ రోజున అదే కొంటాను. నాదం కొంత తగ్గినా తీగలు అందే ఎత్తులో ఉంటాయి. గుల్లలేని చెక్కతో చేసే విద్యుత్ వాద్యాలకీ ఈ బాధ బాగా తక్కువ. మన పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని పలికించిన ఎలక్ట్రిక్ మాండొలిన్ ఆ జాతిదే. ఖరీదైనదే మంచిదన్న నా భ్రమ ఆ పిల్లకి శిక్ష అయింది.

*

వాద్యం పట్ల మనకి రెండు రకాల గౌరవాలు ఉన్నాయి. ఒకటి, అందరికీ కనబడేటట్టు హాల్లో గోడకి తగిలించడం. రెండు, ఎవరికీ అందకుండా అటక మీద పెట్టడం. గోడకి తగిలించడంలో దానంతట తప్పులేదు, అది లోపలి గోడ అయితే. పడమటి ఎండ కాగే గోడ, స్నానాలగది వెనక గోడ, వంటింటి ఆవిరి తగిలే గోడ పనికిరావు. అటక మాత్రం ఏ కాలంలోనూ పనికిరాదు. ఎండకి కాగిన శ్లాబు కింద రెండడుగుల జాగా పొయ్యితో సమానం. మే నెలలో ఎండన నిలిపి మూసిన కారు లోపలి గాలి 60 డిగ్రీలు దాటగలదు. ఇంకొంచెం పైకి పోతే గిటార్లలో వాడే జిగురు మెత్తబడుతుంది. స్టీలు తీగలు ఆరూ కలిసి ఇంచుమించు 70 కిలోల బలంతో బ్రిడ్జిని లాగుతూ ఉంటాయని గుర్తుంచుకుంటే, జిగురు మెత్తబడిన ఆ ఒక్క మధ్యాహ్నం ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

మరి ఏం చేయాలి? నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తాను.

మొదట కొలవడం. చిన్న డిజిటల్ హైగ్రోమీటరు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. అది నిజమే చెప్తున్నదో లేదో తేల్చడానికి ఇంట్లో ఉప్పు చాలు. ఒక చిన్న సీసామూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటంతగా నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. మామూలు గది వేడిలో ఆ డబ్బాలోని తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటరు 70 చూపిస్తే అది అయిదు తక్కువ చెప్తోందన్నమాట. ఈ 75 అంకె తెలిసిన రోజున నాకు నవ్వు వచ్చింది. ఉప్పు తనంతట తాను నీరుకారడం మొదలుపెట్టేది కూడా గాలి తేమ 75 దాటినప్పుడే. కల్లుప్పైతే అందులో ఉండే మెగ్నీషియం లవణాల వల్ల ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. సముద్రపుటూరి వంటింట్లో ప్రతి వానాకాలం ఉప్పుజాడీ నీరుకారుతూ ఈ సంగతి చెప్తూనే ఉన్నది. అమ్మ దానిలో నాలుగు బియ్యపుగింజలు వేసి ఊరుకునేది. పక్కగదిలో నేను గిటారు పెట్టెలో స్పాంజి తడుపుతూ ఉండేవాణ్ణి.

కొలిచాక, వాద్యాన్ని గట్టి పెట్టెలో ఉంచడం. పెట్టె తేమని ఆపలేదు గానీ మార్పుని ఆలస్యం చేస్తుంది. అమ్మమ్మ ఇంటి మందపాటి గోడ చేసిన పనిని ఇప్పుడు ఈ పెట్టె చేయాలి. మీటరుని పెట్టెలోనే ఉంచాలి, ఎందుకంటే గది తేమ వేరు, పెట్టె తేమ వేరు. లోపల 60 దాటుతుంటే సిలికాజెల్ పొట్లాలు పెడతాను, చెక్కకి నేరుగా తగలకుండా. నారింజరంగు పూసలు తేమ నిండితే పచ్చబడతాయి. వేడిచేస్తే మళ్ళీ రంగు తిరుగుతాయి. నీలంరంగు పూసల్లో వాడే కోబాల్టు మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో వద్దు. తేమ పీల్చి నీళ్ళుగా మారే కాల్షియం క్లోరైడు డబ్బాలు బీరువాకి బాగుంటాయేమో గానీ, గిటారు పెట్టెలో ఒలికితే అంతే సంగతులు. కలరా ఉండలు పురుగులకే, తేమకి కాదు. 49 శాతం దగ్గర తేమని నిలబెట్టేందుకు రెండువైపులా పనిచేసే పొట్లాలు ఉన్నాయి. హైదరాబాదు వంటి ఊరికి అవి బాగా నప్పుతాయి. మా ఊరి వానాకాలంలో మాత్రం త్వరగా నిండిపోతాయి.

ఏసీ గదిలోంచి వేడి గదికి తీసుకెళ్ళేటప్పుడు పెట్టె మూసే తీసుకెళ్ళి, ఒకటి రెండు గంటలు తెరవకుండా ఉంచుతాను. వాయించాక తీగల్ని పాత పంచెగుడ్డతో తుడుస్తాను. నెలల తరబడి వాయించనప్పుడు తీగల్ని ఒక స్థాయి దించి పెడతాను, పూర్తిగా వదిలేయను. ఉబ్బిన చెక్కని ఎండలో ఆరబెట్టను. ఉబ్బడానికి ఎంత కాలం పట్టిందో ఆరడానికీ అంత ఓపిక ఇవ్వాలి. మా గిటారుకి ఆరు వారాలు పట్టింది. తీగల ఎత్తు అయిదు నుంచి మూడుకి దిగింది. మిగిలినది ఆ పెద్దాయన బ్రిడ్జి మీది ఎముకబద్దని అరగదీసి సరిచేశాడు.

*

పోయిన పండుగకి మేనకోడలు వచ్చింది. ఇప్పుడు ఉద్యోగస్తురాలు. మాటల మధ్యలో గిటారు చేతిలోకి తీసుకుని, ఎప్పుడో నేర్చుకున్న ఒక స్వరమేళం గుర్తు తెచ్చుకుని తీగలు నొక్కింది. ఒక క్షణం ఆగి, "ఇది ఇంత మెత్తగా ఉండేదా మావయ్యా?" అన్నది. "లేదమ్మా, అప్పుడు ఉండేది కాదు. తప్పు నీ వేళ్ళది కాదు" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. పన్నెండేళ్ళ వయసులో వినవలసిన మాట అది. చెప్పవలసినవాణ్ణి నేనే.

అందుకే ఇది వస్తుసంరక్షణకి మాత్రమే సంబంధించిన విషయమని నేను అనుకోవడం లేదు. చెక్క చీలితే డబ్బు పోతుంది. చెక్క ఉబ్బిన సంగతి ఎవరూ కొలవకపోతే, ఒక పిల్ల తనకి సంగీతం రాదనే నిర్ణయానికి వస్తుంది. ఆ నిర్ణయాన్ని ఏ జిగురూ అతికించలేదు. సంగీతం నేర్పేవారికి నాదొక విన్నపం: పిల్లవాడు వేళ్ళు నొప్పి అన్నప్పుడు సాధన సంగతి తరవాత, ముందు స్కేలు తీసి పన్నెండో ఫ్రెట్టు దగ్గర కొలవండి. అరనిమిషం పని. అమ్మేవారికి ఇంకొక విన్నపం: మెడపట్టీ ఉచితంగా ఇవ్వకపోయినా ఫరవాలేదు, కొనేవారిది ఏ ఊరో అడగండి. ఆ ఊరి గాలికి ఏ చెక్క తట్టుకుంటుందో చెప్పండి. ఒక బేరం పోతే పోవచ్చు, ఒక వాయించేవాడు మిగులుతాడు.

మా గిటారు పెట్టెలో ఈ ఉదయం అంకె 58. ఇంకొంచెం దిగాలి, పూసలు వేడిచెయ్యాలి. మీ ఇళ్ళల్లో వీణలూ వయొలిన్లూ గిటార్లూ ఉంటే వాటిని ఎలా కాపాడుకుంటున్నారో, ముఖ్యంగా రాయలసీమ ఎండుగాలిలో ఉన్నవారూ, మంచుదేశాల్లో ఉన్నవారూ చెప్పండి. నా లెక్కల్లో పొరపాట్లుంటే మొగమాటపడకుండా దిద్దండి. ముందుగా ఈ రాత్రి వంటింట్లోకి వెళ్ళి ఉప్పుజాడీ మూత ఒకసారి తీసి చూడండి.